లేత పని

జులై 6, ఆదివారం

నా ఉద్యోగం తప్పులు పట్టడం. ప్రెస్సులో పగలంతా ఎర్ర పెన్ను పట్టుకుని అచ్చుతప్పులు దిద్దుతాను. అందుకే ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పను.

అసలు మొదలు నాయనమ్మ కట్టుడు పళ్ళు. గ్లాసులో నీళ్ళు పోసి కిటికీలో పెట్టుకుంటుంది. మొన్న అమ్మ చూసుకోకుండా ఆ నీళ్ళు కుండీలో మొక్కకి పోసేసింది. సాయంత్రం దాకా వెతికితే మొక్క మొదట్లో నవ్వుతూ కనిపించాయి. "మొలకెత్తుతాయని నాటావా కోడలా?" అంది నాయనమ్మ, పళ్ళు లేని నోటితో. "ఓలకెత్తుతాయని" అని వినిపించింది. నేను నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి నవ్వాను.

నాయనమ్మ బయటికి వెళ్ళేటప్పుడు పళ్ళు పెట్టుకోవడానికి మంచి లేసు సంచీ ఒకటి నా చేత్తో అల్లి ఇద్దామనుకున్నాను. ప్రెస్సు వెనక వీధిలో ఒక బోర్డు రోజూ చూస్తుంటాను. "లేత పని నేర్పబడును. ఆదివారాలు మాత్రమే." చూసిన మొదటిరోజే మనసులో దిద్దేశాను. 'త' కాదు, 'సు'. లేసు పని. బోర్డు రాసినవాడి మీద జాలి కూడా పడ్డాను.

ఇవాళ తెల్ల దారపు ఉండ, అల్లిక సూది పట్టుకుని వెళ్ళాను.

లోపల ఒకాయన గిరగిరా తిరుగుతున్న చెక్కకి ఉలి ఆనించి నిలబడ్డాడు. చెక్క పొట్టు వానలా కురుస్తోంది. ఒక్క నిమిషం పాటు అది లేసు అల్లే మిషన్ అనే అనుకున్నాను. ఆ నిమిషం గురించి తలుచుకోను.

ఒకావిడ వచ్చి "నేర్చుకోడానికి వచ్చావా అమ్మా?" అని అరిచింది, మిషన్ హోరుకి. పెద్దవాళ్ళ మాటకి అడ్డు రాకూడదని కాన్వెంట్‌లో పన్నెండేళ్ళు నేర్పారు. అడ్డు రాకుండా తలూపాను. మిషన్ ఆగేసరికి నా నడుముకి తోలు ఏప్రాన్ కట్టేసి ఉంది.

"ఈ సూది ఎందుకు?"

"దారంతో... కొలుచుకోడానికి."

"అబ్బో, తయారై వచ్చింది" అంది ఆవిడ మెచ్చుకోలుగా.

లేత్ పని. అంటే చెక్కని గిరగిరా తిప్పి ఉలితో చెక్కే పని. బోర్డు మీద పొల్లు రాలిపోయింది. ఒక్క పొల్లు.

"ఏం చేద్దామనుకుంటున్నావు?" అని ఆయన అడిగాడు.

"పళ్ళు పెట్టుకోడానికి..."

"పళ్ళగిన్నె! మంచిది. ఎన్ని పళ్ళు పట్టాలి?"

"అన్నీ. పై వరస, కింది వరస."

ఆయన ఆలోచించాడు. "వరసల్లో పేరుస్తారా మీ ఇంట్లో?"

"కట్టుడువి" అన్నాను. నా మాట నాకే వినిపించలేదు.

ఆవిడకి మాత్రం వినిపించింది. "అయితే గిన్నె కాదు, భరిణె కావాలి. మూత ఉండాలి" అంది. "మూత నేను నేర్పుతాను."

ఆయన గోడవైపు చూశాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.


జులై 7, సోమవారం

ముక్కులోంచి ఇంకా చెక్క పొట్టు వస్తోంది. జలుబనుకుని అమ్మ ఆవిరి పట్టమంది. పట్టాను.


జులై 13, ఆదివారం

ఆయన గోడవైపు ఎందుకు చూశాడో తెలిసింది. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాలు. మాట్లాడుకోరు.

గిన్నెలు ఆయన చేస్తాడు, మూతలు ఆవిడ చేస్తుంది. పెళ్ళయినప్పటి నుంచీ అంతేనట. మూత వదులుగా ఉండాలని ఆయన, బిగువుగా ఉండాలని ఆవిడ. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది కాబట్టి కాస్త చోటు వదలాలని ఆయన వాదన. వదులుగా ఉంటే అది మూత కాదు, టోపీ అని ఆవిడ వాదన. ఈ వేసవిలో మాటామాటా పెరిగి మాట ఆగిపోయింది. పని మాత్రం ఆగలేదు. మనసులో ఆయనకి గిన్నె బాబాయి అని, ఆవిడకి మూత పిన్ని అని పేర్లు పెట్టుకున్నాను. పైకి 'అండీ' తప్ప ఏమీ అనను.

ఇవాళ చెక్క దిమ్మని లేత్‌కి బిగించడం నేర్పారు. "ముందు ఉలి వీపు ఆనించు, తరవాత మెల్లిగా ముక్కు దించు" అన్నాడు బాబాయి. "వీపు ఆనకుండా ముక్కు పెడితే కరుచుకుంటుంది." నేను ముక్కే పెట్టాను. కరుచుకుంది. దిమ్మ ఊడి నా చెవి పక్క నుంచి వెళ్ళి సున్నం డబ్బాలో పడింది. నేను దిమ్మకి సారీ చెప్పాను.

వాళ్ళిద్దరి మధ్య దూరం ఒక బల్లంత. అయినా అన్నీ నా ద్వారానే.

"అమ్మాయ్, ఎమరీ పేపర్ ఎక్కడ పెట్టిందో అడుగు."

"ఎక్కడ పెట్టారో అడుగుతున్నారండీ."

"కళ్ళు నెత్తిమీద ఉంటే ఎలా కనిపిస్తుందని చెప్పు."

ఇది ఎలా చెప్పడం? నా ఉద్యోగం నాకు అలవాటు కదా. దిద్దాను. "కళ్ళు జాగ్రత్త అంటున్నారండీ, పొట్టు పడుతుందని."

బాబాయి ఉలి దించి ఆవిడవైపు చూశాడు. తరవాత అల్మరా అడుగు నుంచి పాత కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. పిన్ని అది చూసి నావైపు అనుమానంగా చూసింది.


జులై 15, మంగళవారం

నాయనమ్మ పాఠాలు చెప్పిన బడికి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. ఆగస్టు పదిన సభ. బతికున్న టీచర్లలో పెద్దది కాబట్టి నాయనమ్మ మాట్లాడాలి. లెక్కల టీచరు. ఆవిడ పేరు చెబితే ఈ ఊళ్ళో బట్టతల వచ్చినవాళ్ళు కూడా చేతులు వెనక్కి దాచుకుంటారు.

"ఉపన్యాసం నేను రాస్తాను, నువ్వు శుభ్రంగా తిరగరాయి" అంది. "ఆ రోజు పళ్ళు మొరాయిస్తే చదివేది కూడా నువ్వే."

"నేనా?"

"మరి మీ అమ్మా? దానికి ఎక్కాలే రావు."

నాకు మైకు అంటే భయం ఏమీ లేదు. ఎనిమిదో తరగతిలో ప్రార్థన చదవమంటే పడిపోయాను, కానీ అది ఎండకి. ఈ మధ్య గొంతు సరిగా లేదు, అంతే.

కాబట్టి భరిణె బాగా కుదరాలి. పళ్ళు భద్రంగా ఉండాలి. ఆ రోజు అవి నాయనమ్మ నోట్లో ఉండాలి, నేను ఆఖరి వరసలో ఉండాలి.


జులై 20, ఆదివారం

గిన్నె లోపల తొలవడం. లోపలికి వెళ్ళేకొద్దీ చాలా బాగుంది. చుట్టలు చుట్టలుగా చెక్క లేస్తుంటే మనసు ఎక్కడికో పోయింది. ఉలి కూడా పోయింది. ఆగి చూస్తే గిన్నె అడుగులోంచి బాబాయి చెప్పులు కనిపిస్తున్నాయి.

"గిన్నె గరాటు అయింది" అన్నాడు బాబాయి. "లోతు కొలుచుకోలేదా? ఆ దారం ఏమైంది?"

పిన్ని ఆ రింగుని చేతికి తొడుక్కుని చూసింది. "ఏనుగుకి గాజు" అంది. "నేర్పేవాడికి అడుగు లేకపోతే గిన్నెకి ఎక్కణ్నుంచి వస్తుందని చెప్పు."

చెప్పాను: "మీలాంటివాళ్ళు నేర్పడం నా అదృష్టం అంటున్నారండీ."

బాబాయి సిగ్గుపడ్డాడు. నిజంగా. చెవులు ఎర్రబడ్డాయి. మధ్యాహ్నం టీ తెప్పించినప్పుడు పెద్ద గ్లాసు ఆవిడవైపు జరిపాడు. పిన్ని గ్లాసులో ఏమైనా పడిందేమో అని చూసి తాగింది.

ఇంట్లో అమ్మ "లేసు చూపించవే" అంది. ఇంకా మొదట్లోనే ఉన్నానన్నాను. ఏనుగు గాజు తెచ్చి వంటింట్లో పెట్టాను. వేడి గిన్నెలు దించుకోడానికి బాగుందట. "ఇదెక్కడిది?" అంది. క్లాసులో ఇచ్చారన్నాను. అబద్ధం కాదు.


జులై 22, మంగళవారం

ఉపన్యాసం తిరగరాశాను. నాయనమ్మ రాసిన మొదటి మాట: "మొద్దుల్లారా."

రెండో వాక్యం: "మిమ్మల్ని ఆ మాట అన్నందుకు నేనేమీ బాధపడటం లేదు."

సభకి కలెక్టర్‌లూ డాక్టర్లూ వస్తారట. దిద్దాను. "ప్రియమైన పూర్వ విద్యార్థులారా" అని పెట్టాను. రెండో వాక్యం తీసేశాను. నాయనమ్మకి చూపించలేదు. కళ్ళజోడు దొరకడం లేదంది, నేను వెతకలేదు.


జులై 27, ఆదివారం

ఈసారి గిన్నెకి అడుగు ఉంది. మూత చేయడం మొదలైంది. గిన్నె అంచుకి చిన్న మెట్టు కోయాలి, మూత లోపల దానికి తగ్గ గాడి తీయాలి. గిన్నె మూతి, మూత గాడి ఒకదాన్నొకటి కౌగిలించుకోవాలి అంది పిన్ని. కౌగిలించుకోవాలి అన్నప్పుడు ఎవరివైపూ చూడలేదు.

"కొంచెం వదులు" అన్నాడు ఆయన ఎడమ చెవిలో.

"గట్టిగా పట్టాలి" అంది ఆవిడ కుడి చెవిలో.

ఇద్దరి మాటా విన్నాను. ఒకసారి వదులు తీశాను, ఒకసారి బిగువు తీశాను. చివరికి మూత గిన్నె మీద పెడితే చెంబు నూతిలో పడ్డట్టు లోపలికి పడిపోయింది. తలకిందులు చేస్తే గానీ రాలేదు.

ఈ హోరులో మెల్లిగా మాట్లాడితే ఎవరికీ వినపడదు. ఇవాళ "అండీ, కొలిచే కాలిపర్ అడుగుతున్నారు!" అని నేను అరిచిన అరుపుకి రోడ్డు మీద సైకిల్ మీద పోతున్నాయన దిగి లోపలికి తొంగి చూశాడు. అది నేనే అని ఒప్పుకోలేదు.

నూతిలో పడ్డ మూత పారేయబుద్ధి కాలేదు. ఇంటికి తెచ్చాను.


జులై 30, బుధవారం

నేను చదువుతున్న నవల సగంలో టాఫీ కాగితం దొరికింది, పేజీ గుర్తుగా. నేను పెట్టలేదు. ఇంట్లో టాఫీలు తినేవాళ్ళు ఎవరూ లేరు. నాయనమ్మకి షుగరు, అమ్మ తీపి పదార్థాలన్నీ తాళం వేసి పెడుతుంది.

భరిణె సంగతి నాయనమ్మకి ఒక్కదానికే చెప్పాను. రాత్రి భోజనం దగ్గర, అమ్మ లేవగానే అడిగింది. "నువ్వు చేసే భరిణెలోకి చీమలు దూరతాయా?"

"దూరవు నాయనమ్మా. మూత గట్టిగా పడుతుంది."

"గట్టిగా పట్టాలి మరి."

పళ్ళకి చీమలు ఎందుకు పడతాయో తెలియదు. పెద్దవాళ్ళకి ఏవేవో భయాలు ఉంటాయి. పాపం.


ఆగస్టు 3, ఆదివారం

అయింది.

మూత పెడితే గాలి మెల్లిగా బయటికి పోతూ కిందికి దిగుతుంది. తీస్తే 'టప్' అంటుంది. చిన్న టప్. ఎవరో పెదాలు విడదీసినట్టు.

బాబాయి పదిసార్లు తీసి పెట్టాడు. "వదులుగానే కుదిరింది" అన్నాడు సంతోషంగా.

పిన్ని పదిసార్లు తీసి పెట్టింది. "బిగువుగా కుదిరింది" అంది సంతోషంగా.

నేనేమీ దిద్దలేదు.


ఆగస్టు 4, సోమవారం

నాయనమ్మకి ఇచ్చాను. తీసింది, పెట్టింది, వాసన చూసింది. "టప్" విని నవ్వింది. అప్పటి నుంచి చంకలోంచి దించలేదు. పళ్ళు తడిగుడ్డలో చుట్టి అందులో పెట్టుకుంటానంది. నా చేత్తో చేసిన వస్తువు మీద అంత ప్రేమ చూస్తే కళ్ళు చెమర్చాయి.

అమ్మ మాత్రం "లేసు క్లాసులో చెక్క ఎందుకిచ్చారే?" అంది.

"గట్టి లేసు" అన్నాను.


ఆగస్టు 8, శుక్రవారం

వాన. పొద్దున్నా సాయంత్రం ఐసు నీళ్ళు తాగుతున్నాను, దాహంగా ఉంటోంది. గొంతు ఇంకా బాగానే ఉంది.


ఆగస్టు 9, శనివారం

ఐసు నీళ్ళు. గొంతు బాగానే ఉంది.


ఆగస్టు 10, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను. నాకే నమ్మకం కలగడం లేదు.

పొద్దున్న నాయనమ్మ గంజిపెట్టిన చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. భరిణె ఒళ్ళో ఉంది. మూతి ముడుచుకుని ఉంది. అమ్మ టిఫిన్ తినమంటే తల అడ్డంగా ఊపింది. కాఫీ తాగమంటే ఊపింది.

"కోపం వచ్చిందా అత్తయ్యా?"

"ఊ."

"లేక పళ్ళు పెట్టుకోలేదా?"

"ఊ ఊ."

"భరిణెలో ఉన్నాయా?"

నాయనమ్మ భరిణెని రెండు చేతులతో గుండెకి అదుముకుని తల గట్టిగా ఊపింది. అమ్మ మెల్లిగా లాక్కుని మూత తీయబోయింది. రాలేదు. నేను ప్రయత్నించాను. రాలేదు. కొంగు పట్టి తిప్పాను. పక్కింటి పహిల్వాన్ వచ్చి తిప్పాడు. ఆయన మెడ నరాలు వచ్చాయి గానీ మూత రాలేదు.

"వానకి ఉబ్బింది" అన్నాను. "తడిగుడ్డ కూడా పెట్టింది కదా."

"అంటే పళ్ళు లోపలే ఇరుక్కున్నాయి" అంది అమ్మ. "సభ ఇంకో గంటలో. నువ్వు చదవాల్సిందేనే."

నేను ఆటో పిలిచాను. జీవితంలో మొదటిసారి వీధి చివర్న ఉన్న ఆటోని గుమ్మంలో నిలబడి పిలిచాను. అది వినపడి వచ్చింది. మిగతా రెండు ఆటోలు కూడా వచ్చాయి.

దారి పొడుగునా నాయనమ్మ భరిణె వెనక్కి లాక్కోవాలని చూస్తూనే ఉంది. "ఊ ఊ ఊ" అంటూ చేతులు ఊపింది. "కంగారు పడకండత్తయ్యా, పగలగొట్టనివ్వం, తీయిస్తాం" అని అమ్మ ధైర్యం చెప్పింది. నేను చేసిన భరిణె పాడవుతుందేమో అని నాయనమ్మ బాధ అనుకున్నాను. నాకు మళ్ళీ కళ్ళు చెమర్చాయి.

షాపులో ఇద్దరూ ఉన్నారు. సంగతి చెప్పాను.

"నే చెప్పానా" అన్నాడు బాబాయి. "వానలో ఉబ్బుతుందని. వదులు ఉంచమన్నానా లేదా? అమ్మాయ్, ఆవిడతో చెప్పు."

"గిన్నె గోడ అంత పలచగా తీయిస్తే వంకరపోయి మూతని కరుచుకోదూ? అమ్మాయ్, ఆయనతో చెప్పు."

"పలచగా తీయకపోతే అది భరిణె కాదు, రోలు అని చెప్పు."

"ఆయన బుర్ర కూడా రోలేనని చెప్పు. రుబ్బినా నలగదు."

ఇద్దరూ నావైపు చూస్తున్నారు, నేను దిద్ది చెప్పాలని. గోడ గడియారం నావైపు చూస్తోంది. అమ్మ చూస్తోంది. దిద్దడానికి ఒక్క మాటా తట్టలేదు.

"మీరే చెప్పుకోండి!" అన్నాను.

లేత్ ఆపి ఉన్న సంగతి మరిచిపోయాను. ఉలులు మోగాయి. కప్పు మీద పావురాలు లేచిపోయాయి.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. భార్యవైపు తిరిగాడు.

"అంచు దగ్గర కోసేద్దామా?"

"కోస్తే పిల్ల కష్టం పోతుంది" అంది పిన్ని, ఆయనతో, నేరుగా. "వేడి చెయ్యి. వేడికి వదులుతుంది."

"నీకెలా తెలుసు?"

"నీకన్నా తెలుసు."

"అది నిజమే" అన్నాడు బాబాయి. పిన్ని చేతిలో గుడ్డ జారి కింద పడింది.

భరిణెని లేత్‌కి బిగించారు. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. బాబాయి స్విచ్ వేశాడు. పిన్ని మడతపెట్టిన గుడ్డని మూతా గిన్నే కలిసే చోట అదిమి పట్టింది. రాపిడికి మెల్లిగా వేడెక్కింది. కాసేపటికి వాసన మొదలైంది.

"చెక్క మాడుతోందా?" అంది అమ్మ.

కాదు. తియ్యటి వాసన. పాలు, పంచదార.

"ఇదేం చెక్క?" అని బాబాయి వంగాడు.

టప్.

మూత ఎగిరి రేకు కప్పుకి తగిలింది. దాని వెనకే లోపలున్నవి నాలుగు దిక్కులా వచ్చాయి. ఒకటి బాబాయి నుదుటికి తగిలింది. ఒకటి అమ్మ కళ్ళజోడుకి. నా జడలో ఒకటి ఇరుక్కుంది. అమ్మ తన కళ్ళజోడుకి అతుక్కున్నదాన్ని పీకి, కాగితం విప్పి చూసింది.

టాఫీ.

లేత్ ఆగింది. పళ్ళు ఎక్కడా లేవు. ఒక్కటీ లేదు. అందరం నాయనమ్మవైపు తిరిగాం.

"అత్తయ్యా" అంది అమ్మ మెల్లిగా. "నోరు తెరవండి."

నాయనమ్మ తల అడ్డంగా ఊపింది.

"తెరవరా?"

మళ్ళీ ఊపింది. తరవాత వేలితో పెదాలు కాస్త విడదీసి చూపించింది. పళ్ళు నోట్లోనే ఉన్నాయి. పై వరస, కింది వరస. వాటి మధ్య గోధుమరంగు పాకం, సిమెంటులా. పొద్దున్నే ధైర్యానికి ఒకటి నోట్లో వేసుకుందట. కాదు, రెండు.

మూత రాలేదు, మూతీ రాలేదు.

బాబాయి భరిణె అంచు నుంచి గోరుతో బంక గీకి నాలుక మీద వేసుకున్నాడు. "వదులూ కాదు, బిగువూ కాదు. తినీ తినీ జిడ్డు వేళ్ళతో మూత పెట్టారు. పాకం పట్టేసింది."

"అయితే పిల్ల మూత సరిగ్గా ఉంది" అంది పిన్ని.

"సరిగ్గా ఉంది" అన్నాడు బాబాయి.

సభకి టైం అయిపోతోంది. ఆ మాట వినడానికి ఇంకొక్క నిమిషం నిలబడ్డాను.

పిన్ని వేడినీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది. నాయనమ్మ నోట్లోకి పీల్చుకుని బుగ్గలు పూరించుకుని ఆటో ఎక్కింది. కరగడానికి టైం పడుతుందట. దారిలో అమ్మ భుజాలు మధ్యమధ్య ఊగాయి. ఏడుస్తోందనుకున్నాను. కాదు.

హాలు నిండిపోయి ఉంది. నాయనమ్మ పేరు పిలిచారు. నాయనమ్మ వేదిక ఎక్కి, ఉబ్బిన బుగ్గలతో సభకి నమస్కారం పెట్టి, నా చెయ్యి పట్టుకుని మైకు ముందు నిలబెట్టింది.

నా గొంతు చాలా బాగుంది. అదే దరిద్రం.

కాగితం విప్పాను. "ప్రియమైన పూర్వ" దాకా వచ్చి ఆగాను. నాయనమ్మ నావైపు చూస్తోంది. లెక్క తప్పు చేసిన పిల్లని చూసే చూపు. కాగితం మీదికి వంగి చూసింది, కళ్ళజోడు దొరికినట్టుంది. బుగ్గల్లోంచి ఒక్క "ఊ" వచ్చింది. ఆ "ఊ" నాకు తెలుసు. దిద్దమంటోంది.

దిద్దాను.

"మొద్దుల్లారా!" అన్నాను.

లేత్ పక్కన అరిచినట్టే అరిచాను. ఇంకో రకంగా మాట్లాడటం మరిచిపోయాను. మైకు కీచుమంది. మొదటి వరసలో ఎవరో చెవులు మూసుకున్నారు. బట్టతలలు, నెరిసిన జడలు, పట్టుచీరలు, కదలవు. నా కాళ్ళు వెళ్ళిపోదామంటున్నాయి, నేను వెళ్ళనివ్వలేదు. మొదటి వరసలో సూటు వేసుకున్న పెద్దాయన, కలెక్టరో డాక్టరో, లేచి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"ప్రెజెంట్ టీచర్" అన్నాడు.

ఆయన పక్కనావిడ లేచింది. "ప్రెజెంట్ టీచర్." తరవాత ఆ వరస, వెనక వరస, చివరి వరస. హాలు హాలంతా చేతులు కట్టుకుని లేచి నిలబడింది.

"మిమ్మల్ని ఆ మాట అన్నందుకు" అని కాగితంలో లేని రెండో వాక్యం చదివాను, "నేనేమీ బాధపడటం లేదు."

నవ్వులు మొదలయ్యాయి. అప్పుడే నా పక్కన 'టప్' అని వినిపించింది. చిన్న టప్. నాయనమ్మ నోట్లో నీళ్ళు గ్లాసులోకి వదిలి, మైకు దగ్గరికి వంగింది.

"కూర్చోండి" అంది.

అందరూ కూర్చున్నారు. నేను కూడా కూర్చోబోయాను. "నిన్ను కాదు" అంది. "చదువు. గట్టిగా."


ఆగస్టు 11, సోమవారం

గొంతు పోయింది. ఇవాళ.


ఆగస్టు 17, ఆదివారం

కిటికీలో మళ్ళీ గ్లాసు, నీళ్ళలో పళ్ళు. చెక్క వాసన నాయనమ్మకి మొదటినుంచీ నచ్చలేదట, పళ్ళు ఒక్కరోజు కూడా అందులో పెట్టలేదట. నూతిలో పడ్డ నా పాత మూత తీసి గ్లాసు మీద పెట్టి చూశాను. అచ్చంగా సరిపోయింది. గంతకు తగ్గ బొంత. మొక్కకిక భయం లేదు.

భరిణె అమ్మ దగ్గర ఉంది, తాళంలో. పొద్దున్న అమ్మ వంటింట్లో ఒక్కతే ఉన్నప్పుడు 'టప్' వినిపించింది. నేను వినలేదు.

షాపుకి వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ పోట్లాడుకుంటున్నారు, నేరుగా. వదులూ బిగువూ. నేను లేకుండా ఎంత బాగా తిట్టుకుంటున్నారో. నా ఏప్రాన్ నేనే కట్టుకున్నాను.

బోర్డుకి కొత్త రంగు వేస్తానన్నాడు బాబాయి. "అక్షరాల్లో ఏమైనా తప్పుంటే చెప్పు, నీ పనే కదా" అన్నాడు. బయటికెళ్ళి చూశాను. పొల్లు లేదు.

"ఏమీ లేదండీ" అన్నాను. "అలాగే ఉంచండి."

మధ్యాహ్నం ఒక పెద్దాయన చేతికర్రతో లోపలికి తొంగి చూశాడు. "లేత పని అని రాశారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా చెయ్యొచ్చా?"

మిషన్ హోరులో ఆయన మాట ఎవరికీ వినపడలేదు, నాకు తప్ప.

"చెయ్యొచ్చండీ" అని అరిచి, ఆయన తేరుకునేలోపు ఏప్రాన్ కట్టేశాను.